మా బావగారి కొత్త ఊపిరితిత్తులూ, నా పాత పథ్యమూ

మనిషికి కొత్త ఊపిరితిత్తులు అమర్చి బతికించడానికి ఎంతమంది డాక్టర్లు కావాలో నాకు తెలియదు గానీ, ఆ బతికిన మనిషిని మళ్ళీ మంచాన పడేయడానికి ఒక్క బామ్మర్ది చాలు. ఆ బామ్మర్దిని నేనే. ఇప్పుడే తిట్టడం మొదలుపెట్టకండి. ముందు ముందు ఇంకా మంచి అవకాశాలు వస్తాయి.

మా అక్క భర్త సామర్లకోటలో రైల్వే ఉద్యోగి. మంచి భోజనప్రియుడు, పెద్ద గొంతు. అలాంటాయనకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. పక్కన ఆక్సిజన్ పెట్టుకుని నెలల తరబడి మంచం మీదే ఉండి, కండంతా కరిగి సగమైపోయారు. చివరికి నగరంలో ఎవరో తల్లిదండ్రులు, తమ కొడుకు పోయిన దుఃఖంలో ఉండి కూడా, పెద్ద మనసు చేసుకుని అతని ఊపిరితిత్తులు ఇచ్చారు. బావగారికి మార్పిడి జరిగింది. ఇంటికి పంపేముందు ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"గుడ్లు, పప్పు, చేప, చికెన్ అన్నీ బాగా ఉడికించి పెట్టండి. కండ పట్టాలి. రోజూ నడిపించండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం సాధన చేయించండి."

పెళ్ళిలో పురోహితుడి మంత్రాలకి పెళ్ళికొడుకు తలాడించినట్టు తలాడించాను. అంటే ఒక్క ముక్కా బుర్రకెక్కించుకోలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఎందుకంటే మా వైపు ఒంటి మీద కత్తి పడిందంటే పథ్యమే. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. గుడ్డు వేడి. చేప దురద. వంకాయ సంగతి సరేసరి. మిగిలేది మిరియాల చారు, బీరకాయ, పొట్లకాయ. అపెండిక్స్ తీయించుకున్న మా చిన్నాన్నకీ, సిజేరియన్ అయిన మా పిన్నికీ, ఆఖరికి కాల్లో మేకు దిగిన నాకూ ఇదే వైద్యం. అందరం బతికాం కదా! పథ్యం వల్ల బతికామా, పథ్యం పెట్టినా బతికామా అన్న ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు.

అక్క బడిలో టీచరు. సెలవులన్నీ అయిపోయాయి. "పగలంతా నువ్వు చూసుకోవాలిరా శీనూ" అంది.

"నువ్వు నిశ్చింతగా వెళ్ళవే. నేను లేనూ!" అన్నాను. ఉండటమే వచ్చిన చిక్కు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలని గేటు దగ్గరే ఆపేసేవాణ్ణి. మాస్కు లేకుండా ఎవరినీ లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. మందులు వేళకి ఇచ్చేవాణ్ణి. ఇదంతా సరిగ్గానే చేశాను. చప్పట్లు కొట్టకండి, ఇప్పుడే భోజనాల దగ్గరికి వస్తున్నాను.

"ఇదేంట్రా?" అన్నారు బావగారు కంచంలోకి చూస్తూ.

"చారన్నం బావగారూ."

"పొద్దున్న కూడా చారేగా?"

"పొద్దున్న ఇడ్లీలో పోశానండి. ఇది అన్నంలో."

"ఒక్క గుడ్డు పెట్టరా, నీకు పుణ్యముంటుంది."

"అమ్మో, కుట్లండి!"

"కుట్లు మానిపోయాయిరా నాయనా!"

"పైన మానాయండి. లోపల ఎవడు చూశాడు?"

ఆయన నిట్టూర్చి చారన్నం కలుపుకున్నారు. లోపల నేనూ చూడలేదనుకోండి, కానీ గరిటె నా చేతిలో ఉంది.

ఇక నడక సంగతి. ఆయన మంచం దిగబోతే చాలు, గిన్నె కింద పడిన చప్పుడు విన్న అత్తగారిలా పరుగెత్తుకొచ్చేవాణ్ణి.

"ఎక్కడికండీ?"

"నడవమన్నారు కదరా, వసారా దాకా వెళ్ళొస్తాను."

"కొత్త బండిని కొన్నాళ్ళు మెల్లగా తోలమంటారా లేదా? ఇవి కొత్త ఊపిరితిత్తులండి. అప్పుడే అరగదీసేస్తారా?"

మంచినీళ్ళు చేతికిచ్చేవాణ్ణి. టీవీ రిమోటు చేతికిచ్చేవాణ్ణి. ఆయన స్వయంగా చేసుకునే పనల్లా ఊపిరి పీల్చడమే. వీలుంటే అదీ నేనే పీల్చి ఇచ్చేవాణ్ణి.

అన్నట్టు, నా వృత్తి ఏంటో చెప్పలేదు కదూ? రొయ్యల మేత అమ్ముతాను. నవ్వకండి, చెప్పనివ్వండి. ఒకరోజు బావగారి మంచం పక్కనే కూర్చుని ఉండగా ఒక చెరువు రైతు ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఈసారి తక్కువ రకం మేత వేసేద్దామనుకుంటన్నానండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మాట్లాడుతున్నారండి! ప్రోటీన్ తగ్గిందంటే రొయ్య గుల్లైపోద్దండి. పైకి పెంకు కనపడతాది, లోపల కండే ఉండదు. కదిలే ఓపిక కూడా ఉండదండి దానికి. నోరులేని జీవం కదా అని కడుపు మాడుస్తారా?"

"ఆయ్, మీరు చెప్పింది నిజమేనండి" అని రైతు సిగ్గుపడి ఫోన్ పెట్టేశాడు.

బావగారు చారన్నం కంచం పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "బామ్మర్దీ, నన్ను తీసుకెళ్ళి ఆ చెరువులో వదిలెయ్యరా. నీకు దణ్ణం పెడతాను" అన్నారు.

జోకనుకుని పగలబడి నవ్వాను.

ఓ ఆదివారం అక్క అడిగింది. "ఏరా, ఈయన చొక్కా ఇలా వేలాడుతోందేంటి?"

"ఒంట్లో చెడ్డ నీరంతా దిగిపోయిందే. మంచిదేలే" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బావగారు కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయారు. చేతులు ఆనించి, పళ్ళు బిగించి లేస్తే కాళ్ళు వణికాయి. గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆయాసం. అక్క గోడకి చేరగిలబడి, "శీనూ, కొత్తవి ఒంటికి పడట్లేదేమోరా! ఇప్పుడేం చేస్తాంరా?" అని ఏడుపు మొదలుపెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే కారులో నగరానికి బయల్దేరాం. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. పెనుగొండ వాసవీ అమ్మవారికైతే నడిచి వస్తానన్నాను.

పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మగారు చెప్పారు. "ఊపిరితిత్తులు చాలా బాగున్నాయి."

అక్క చేతులెత్తి దణ్ణం పెట్టింది. "మరి ఈ ఆయాసం ఏంటండీ?"

"ఒంట్లో కండ లేదమ్మా. తొడల్లో లేదు. ఊపిరి లాగే కండరాలకీ బలం లేదు. మంచాన ఉన్నప్పుడే కొంత పోయింది. ఇప్పుడు వాడే మందుల్లో కొన్ని ఇంకొంత కరిగిస్తాయి. అందుకే ప్రోటీన్ పెట్టమన్నాం, నడిపించమన్నాం. ఇంతకీ ఏం పెడుతున్నారు?"

"చారండి" అన్నారు బావగారు.

"ఇంకా?"

"పండగలకి పొట్లకాయండి."

"ఎవరు పెట్టమన్నారు?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. డాక్టరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, "ఈయన వైద్యులా?" అన్నారు.

"కాదండి, రొయ్యల మేత అమ్ముతాడు. ప్రోటీన్ గురించి మా వాడికి తెలిసినంత ఎవరికీ తెలీదండి. కాకపోతే రొయ్యలడిగితేనే చెప్తాడు" అన్నారు బావగారు.

ఆవిడ నవ్వలేదు. "ఒక కుటుంబం తమ పిల్లాడివి ఇచ్చింది ఈయన్ని మంచం మీద దాచిపెట్టడానికి కాదు" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వు రాదు. మిగతా కథకంతా మీరు నవ్వుకోవచ్చు.

ఆరోజు నుంచి వంటిల్లు అక్క చేతికి వెళ్ళింది. పప్పు, గుడ్లు, బాగా ఉడికిన పండుగప్ప చేపల పులుసు. ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పినట్టు కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, కాలవ గట్టున నడక. "నాతోపాటు నువ్వూ నడవాలి, అదే నీకు శిక్ష" అన్నారు బావగారు. నేను గట్టు మీద కూర్చుని, "శభాష్ బావగారూ!" అని ఉత్సాహపరిచేవాణ్ణి. అక్క ఆయనకని వండిన పులుసులో మిగిలింది మాత్రం వృథా కానిచ్చేవాణ్ణి కాదు.

కొన్ని నెలలు గడిచాయి. మళ్ళీ పరీక్షలకి వెళ్ళాం. ఆస్పత్రిలో లిఫ్టు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. "మెట్లెక్కి పోదాం రా" అని బావగారు చకచకా ఎక్కేశారు. నేను కమ్మీ పట్టుకుని, నోరు తెరుచుకుని, చెమటలు కక్కుతూ పైకి చేరాను. కొత్తగా చేరిన నర్సు నన్ను చూసి కంగారుగా చక్రాల కుర్చీ తెచ్చింది.

"అయ్యో, మార్పిడి పేషెంటుని మెట్లెక్కిస్తారా ఎవరైనా? కూర్చోండి సార్! ఏవండీ, మీరు కాస్త వెనక నుంచి తొయ్యండి" అంది బావగారితో.

కాదని చెబుదామంటే నాకు ఊపిరి అందితేగా! బావగారు కిక్కురుమనకుండా నన్ను డాక్టరమ్మగారి గదిలోకి తోసుకెళ్ళారు. ఆవిడ తలెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మా బామ్మర్దికి ఒంట్లో బాలేదండి. కాస్త చారన్నం పెట్టించండి. గుడ్డు మాత్రం వద్దండోయ్, చీము పడద్ది" అన్నారు బావగారు. ఆ గొంతు కింది అంతస్తు దాకా వినపడింది.

కావున మహాజనులారా, ఆ చక్రాల కుర్చీలో కూర్చునే నేను శపథం చేశాను. ఈ జన్మలో ఎవరికి ఏ ఆపరేషన్ జరిగినా డాక్టరు చెప్పిందే పెడతాను, నడవమంటే నడవనిస్తాను. ఎప్పుడైనా నా నోట పథ్యమన్న మాట వచ్చిందా, ఆ పూట నుంచి బావగారు వడ్డించగా, మూడు పూటలా నేను చారన్నమే తినెదను గాక!