పెదనాయన జీపులో గురగుర

మా చిన్నప్పుడు... పెదనాయన జీపు ఎక్కితే ముందు పాట వినపడేది కాదు, వాసన కొట్టేది. వాడిపోయిన బంతిపూలు, పులిసిన కొబ్బరినీళ్ళు. ముక్కు మూసుకుంటే "లక్ష్మీదేవి వాసనే, అట్ల మూసుకోవద్దు" అని పెద్దమ్మ కసిరేది.

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. మాది మాడుగులపల్లి దగ్గర ఊరు. పెదనాయనకు భూములుండేవి, మిర్యాలగూడ రైస్‌మిల్లులో వాటా ఉండేది, వాటన్నిటినీ మించి గొప్పలుండేవి. డాబా మీద పొడుగాటి ఏరియల్ పాతించి, జీపు మడ్‌గార్డు మీద ఇంకోటి బిగించి, లోపల కార్డ్‌లెస్ ఫోను పెట్టించాడు. ఎందుకయ్యా అంటే... పొలం గట్టు నుంచి ఇంటికి చేసి "అన్నం వండిండ్రా?" అని అడగడానికి! పెద్దమ్మ వండని రోజు ఒక్కటీ లేదు మరి.

అదే జీపులో పాటల టేపు, వెనక రెండు పెద్ద స్పీకర్లు. పెదనాయన ఫోను ఎత్తాడో లేదో స్పీకర్లలో "గుర్ర్ర్..." అని మొదలయ్యేది. పాట వినపడదు, పక్కన కూర్చున్నవాళ్ళ మాటా వినపడదు. ఫోను పెట్టేస్తే మళ్ళీ మామూలే.

డ్రైవరు సైదులన్న చేయని ప్రయత్నం లేదు. దూదికి స్పిరిట్ అద్ది టేపు హెడ్డు తుడిచాడు. క్యాసెట్లు మార్చి చూశాడు. ఫోను వైరును టేపు వైరుకు దూరంగా లాగి కట్టాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది.

పెదనాయనది మాత్రం ఒకటే మాట... "నేను లేనప్పుడు సౌండు పెంచి స్పీకర్లు పలగ్గొట్టినవ్ రా!"

"లే పటేలా, నేను ముట్టనే ముట్టలే" అనేవాడు సైదులన్న, తల వంచుకుని. ఇద్దరు చిన్న పిల్లలు, ఆ జీపు తప్ప ఇంకో ఆధారం లేదు. అందుకే ఎన్ని తిట్లైనా పడేవాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి పెద్దమ్మ తమ్ముడి కూతురి పెళ్ళికి కోదాడ వెళ్ళాం. ఆ మామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు ఫంక్షన్ హాలు దాకా మా జీపెక్కారు. అంతే... పెదనాయనకు ఫోను గుర్తొచ్చింది! అంత దూరం మా ఇంటి ఏరియల్ అందదని నాక్కూడా తెలుసు. అయినా ఠీవిగా రిసీవరు ఎత్తి "హలో, మిల్లు సంగతేంది?" అన్నాడు, అవతల ఎవరూ లేకుండానే.

స్పీకర్లు బద్దలయ్యేలా గుర్ర్ర్...

"ఏంటి బావగారూ, ఏకంగా రైస్‌మిల్లునే జీపులో పెట్టించేశారా?" అన్నాడు కోదాడ మామ. అందరూ పగలబడి నవ్వారు.

పెదనాయన ముఖం మాడిపోయింది. హాలు ముందు జీపు ఆగీ ఆగగానే, పెళ్ళివాళ్ళందరి ముందూ సైదులన్న మీద పడ్డాడు. "దిగు రా! తాళాలు ఇయ్యి. ఇగ మా గడప తొక్కకు."

సైదులన్న రెండు చేతులతో తాళాలిచ్చి బస్టాండు వైపు నడిచాడు. లోపల విస్తళ్ళు వేస్తున్నారు. తిని పొమ్మని ఒక్కరూ అనలేదు. 

మర్నాడు మా నాయన జీపును సూర్యాపేట తీసుకెళ్ళాడు, నేనూ వెంటపడ్డాను. మెకానిక్కు ఒక్కొక్కటే ఆపి చూసుకుంటూ వచ్చి, చివరికి ముందు మడ్‌గార్డు మీదున్న ఏరియల్ బోల్టు విప్పాడు.

ఛీ! ఆ కంపు ఇప్పటికీ మర్చిపోలేను. పసుపు, కుంకుమ, కొబ్బరి పిప్పి, కుళ్ళిన నిమ్మచెక్క... అంతా కలిసి నల్లటి బంకైపోయి, అందులో చీమలు! కింద రేకంతా ఎర్రగా తుప్పు.

"ఇది ఏరియలా సార్, గుడి గడపనా?" అన్నాడు మెకానిక్కు, చెయ్యి దులుపుకుంటూ. "ఈ బోల్టు కింద రేకు సాఫ్‌గ ఉండాలె. గప్పుడే ఎర్తు అందుతది. గిట్ల తుప్పు పడితే ఫోన్ల సౌండంత టేపులకే పోతది."

అది పెదనాయన పనే. బండిలో ఖరీదైనది ఫోనే కాబట్టి ఊరి దిష్టంతా ఏరియల్ మీదే పడుతుందని, ప్రతి శుక్రవారం స్వయంగా దానికి పసుపు కుంకుమలు మెత్తి, కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు దాని మొదట్లోనే పోసేవాడు. డ్రైవరును ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు.

రేకును గరుకు కాగితంతో రుద్ది బోల్టు బిగించి ఫోను ఎత్తారు. పాట హాయిగా సాగిపోయింది.

ఇంటికొచ్చి నాయన జరిగింది చెప్పాడు. పెదనాయన "ఊఁ" అన్నాడు, అంతే. "సైదులును పిలుద్దామా అన్నా?" అని అడిగితే, "మనమే పోయి పిలిస్తే మన మర్యాద ఏముంటది?" అన్నాడు.  అన్న మాటకు నాయన ఏనాడూ ఎదురు చెప్పలేదు.

రెండు రోజులకు సైదులన్నే వచ్చాడు. చెప్పులు గేటు బయట విడిచి నిలబడి, "గురగుర పోయిందా పటేలా?" అని అడిగాడు. పాపం, దాని సంగతి తేలితే తన పని తనకు దొరుకుతుందని ఆశ.

వాకిట్లో నలుగురితో చాయ్ తాగుతున్న పెదనాయన మీసం తుడుచుకుని అన్నాడు... "నువ్వు పోయినవ్, గా గురగుర గూడ పోయింది."

అందరూ నవ్వారు. మా నాయన కూడా! విషయం తెలియని సైదులన్న కూడా కాస్త నవ్వి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది ఆ రోజే.

ఇప్పుడా కార్డ్‌లెస్ ఫోన్లు లేవు, ఆ టేపులూ లేవు. కార్లో ఫోను మోగితే పాట తనంతట తనే మర్యాదగా ఆగిపోతోంది. బండ్లు మాత్రం ఎంతో నేర్చుకున్నాయి...

మీ ఇళ్ళలోనూ ఇలా ఎవరినో ఒకరిని వెళ్ళగొట్టే ఉంటారు. అసలు సంగతి తెలిశాక వాళ్ళను వెనక్కి పిలిచినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఒక్కరైనా ఉన్నారని వినాలని ఉంది.