సర్కారుకు నేనిచ్చిన తప్పెట నోటీసు

సర్కారు మీద దావా వేస్తానని బయలుదేరి, వయసులో ఉండగా నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటి చెబుతాను. కాలు విరగడం అందులో చిన్న సంగతి. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక మాత్రం నా తరఫున కాస్త కోపం కూడా తెచ్చుకోండి. ఇన్నేళ్లూ ఒక్కడినే కోపగించుకుని అలిసిపోయాను.

మాది అల్లూరు పక్కన పల్లె. పొలానికి పోవాలంటే కాలువకట్టే దారి. తాతల నాటి నుంచీ బండ్లన్నీ ఆ కట్ట మీదే నడిచేవి. ఆ ఏడు కాలువల శాఖ వాళ్లు తూము మారుస్తామని వచ్చి, కట్ట నడిమిన నడుము లోతు గుంట తవ్వి, తూమూ పెట్టకుండా మన్నూ వెయ్యకుండా పోయారు. వానకు గుంట నిండి, పైన నాచు పట్టి, పచ్చటి చాప పరిచినట్టు తయారైంది. ఒక ఉదయం నేను ఎరువు బండి తోలుకుపోతుంటే చక్రం అందులో దిగబడింది. ఎద్దులు పలుపులు తెంచుకుని గట్టెక్కాయి, వాటికి తెలివుంది. నేను ఎగిరి గుంటలో పడ్డాను. మోకాలి కింద ఎముక పుటుక్కుమంది.

పుత్తూరు కట్టు కట్టించుకుని నేను మంచం మీదుంటే, ఆ ఏడు నాట్లు నా కళ్ల ముందే వెనకబడ్డాయి. కాలువల ఓవర్సీరు పలకరించడానికైనా రాలేదు. పైగా ఆ గుంట తమది కాదనీ, ఎలుకలు తవ్వి ఉంటాయనీ కబురంపాడు. నడుము లోతు తవ్వే ఎలుకలే మా ఊళ్లో ఉంటే, వాటికే కాడి కట్టి దున్నుకోమా? కాలి నొప్పికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ గుంట తమదేనని వాళ్ల చేతే ఒప్పించాలి, నష్టపరిహారం రాబట్టాలి. లేకపోతే మీసం తీసేస్తానని ఇంట్లో శపథం చేశాను. మీసం సంగతి తర్వాత, ముందు మందు తాగమంది మా ఆవిడ.

కర్ర సాయంతో నడక వచ్చిన రోజే బస్సెక్కి నెల్లూరు పోయాను. అక్కడ వరసకు మామ అయ్యే ప్లీడరు ఒకాయన ఉండేవాడు.

"సర్కారు మీద దావా ఊరికే వెయ్యగూడదు అబ్బయ్యా. ముందు నోటీసియ్యాల. ఇచ్చినాక రెండు నెలలు ఆగాల" అన్నాడు.

నన్ను గుంటలో పడేసేటప్పుడు సర్కారు నాకేమైనా నోటీసిచ్చిందా అని అడిగాను. చట్టం అట్టా ఉందన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ అప్పటికే నాకు కోపం నెత్తికెక్కింది. నోటీసంటే నాకు తెలియదా, నేనే ఇచ్చుకుంటానని లేచి వచ్చేశాను.

తెలుసనే అనుకున్నాను మరి. శిస్తు కట్టమన్నా, చేపల వేలమన్నా, కాలువకు నీళ్లు ఆపుతున్నామన్నా సర్కారు మా ఊరికి ఏనాడూ కాగితం పంపలేదు. ఊళ్లో దండోరా వేసే చెంచయ్య చేత తప్పెట కొట్టించేది. తప్పెట మోగిందంటే ఊరందరికీ నోటీసు అందినట్టే, వినలేదంటే ఒప్పుకునేవాళ్లు కాదు. సర్కారు మాకిచ్చే నోటీసు తప్పెట అయినప్పుడు మేము సర్కారుకిచ్చేది ఇంకోటెట్టా అవుతుంది? మీరే చెప్పండి.

ఈ మాటే పోయి చెబితే చెంచయ్య తల గోక్కున్నాడు. "సర్కారు మాట మీకు చెప్పడమేగాని, మీ మాట సర్కారుకు ఎప్పుడూ చెప్పలేదే అన్నా" అన్నాడు. ఇవాళ మొదలుపెట్టమని, అతన్ని తీసుకెళ్లి ఓవర్సీరు బంగళా ముందు నిలబెట్టాను. తప్పెట మోగేసరికి ఊరంతా పోగయింది.

"ఇందుమూలంగా సర్కారు వారికి తెలియజేయడమేమంటే" అని చెంచయ్య ఎత్తుకున్నాడు. ఫలానావాడు ఫలానా రోజు కాలువకట్ట మీద నిండా ఎరువేసుకుని జోడెద్దుల బండి తోలుకుపోతుండగా సర్కారు గుంటలో పడి కాలు విరిగింది గనక, రెండు నెలల్లో న్యాయం చెయ్యకపోతే దావా వేస్తాడని, ఒక్క ముక్క వదలకుండా చెప్పించాను. ఓవర్సీరు అరుగు మీద నిలబడి శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు కూడా. భయపడ్డాడనుకుని మీసం దువ్వుకున్నాను.

రెండు నెలలూ ఆ బంగళా ముందు కర్ర టకటకలాడిస్తూ తిరిగి, మళ్లీ నెల్లూరు చేరాను. మామ నోటీసు నకలు అడిగాడు. ఊరంతా విన్నాక నకలెందుకన్నాను. సంగతంతా విని ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. నోటీసంటే ఎవరు, ఎందుకు, ఎంత అడుగుతున్నారో కాగితం మీద రాసి కలెక్టరాఫీసులో అందజేయాలట. మళ్లీ ఇచ్చి, మళ్లీ రెండు నెలలు ఆగాలట.

"వాళ్లు కొట్టిస్తే చెల్లిన తప్పెట నేను కొట్టిస్తే చెల్లదా మామా?"

"చెల్లదు."

పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చేసరికి కాలువల శాఖ నుంచి కాగితం వచ్చి ఉంది. కాలువకట్ట మీద బండి తోలడం నిషేధం. తోలినట్టు తమరే బహిరంగంగా, రెండుసార్లు, తప్పెట మీద ఒప్పుకున్నారు. సదరు గుంట తమరి బండి వల్లనే పడినది. కాబట్టి తమరే పూడ్చవలెను, లేనిచో కేసు. ఎలుకల ఊసే లేదు.

మరుసటి బస్సుకే మళ్లీ మామ దగ్గరికి పరిగెత్తాను. తప్పెట చెల్లదన్నావు గదా అని నిలదీశాను.

"నోటీసుగా చెల్లదు అబ్బయ్యా. ఒప్పుకోలుగా బ్రహ్మాండంగా చెల్లుద్ది. ఊరంతా సాక్ష్యం. ఇప్పుడు దావా అంటే ముందు కేసు నీమీదే పడుద్ది. పొయ్యి గుంట పూడ్చుకో."

తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నాకు కంత ఉంది, అందులో దూరాను కూడా. డోలు మాత్రం చేజేతులా కట్టించుకున్నాను.

సర్కారు తవ్విన గుంటను కుంటుకుంటూ నేనే పూడ్చాను. ఓవర్సీరు గొడుగు కింద నిలబడి, ఇంకో రెండు తట్టలు పడాలన్నాడు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది. ఆ పూటే, మన్ను చేతుల్తో తూర్పు తిరిగి దండం పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట సర్కారు గుంటలో పడాల్సి వస్తే, ఆ సంగతి కలెక్టరు గారికి కాగితం మీద రాసిచ్చి, రెండు నెలలు గట్టు మీద ఆగి, ఆ తర్వాతే పడతాను.