మామయ్య ట్రక్కు పరీక్షలు

మా మామయ్య దేన్నీ ఊరికే నమ్మడు, పరీక్షించి చూడాలి. గోదాములో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పరీక్షలు తాళాలతో, తూకాలతో సరిపోయేవి. రిటైరై బ్యాటరీతో నడిచే పికప్ ట్రక్కు కొన్నాక మా అందరి ప్రాణం మీదికొచ్చింది.

బండి వచ్చిన రోజే ముందు బానెట్ ఎత్తి నన్ను పిలిచాడు.

"చూడరా, ఇంజనే లేదు! అంతా డిక్కీయే. కడిగితే నీళ్లు పోవడానికి అడుగున రంధ్రం కూడా ఉంది."

"బాగుంది మామయ్యా."

"బాగుంటే చాలదురా, పోతాయో లేదో చూడాలి."

ఆరు బకెట్లు మోశాను. నీళ్లు శుభ్రంగా పోయాయి, నా బూట్ల మీదుగా.

మర్నాడు బరువు. వెనక తొట్టిలో ఎంత బరువుందో తెర మీద చూపిస్తుందట. అత్తయ్యను ఎక్కించాడు. అంకె చూసి ఉలిక్కిపడి, "తెరలో ఏదో లోపం ఉంది," అన్నాడు. అత్తయ్య దిగి విసవిసా లోపలికెళ్లింది. ఆ పూట వంట నేనూ మామయ్యా చేసుకున్నాం.

ఇన్ని తెలిసీ, ఇల్లు మారేటప్పుడు ఆ బండే అడగడం నా బుద్ధి తక్కువ. పన్నెండింటికల్లా వెళ్లి కొత్త ఇంటి తాళం తీసుకోవాలి. ఆ తర్వాత ఇంటాయన ప్రయాణం. ఫ్రిజ్జు, బీరువా, మంచం ఎక్కించి తాళ్లు బిగించాను. మామయ్య వచ్చి, గట్టిగా ఉన్నాయా లేదా అని మంచం పట్టుకుని ఊపాడు. అది జారి నా కాలి మీద పడింది.

"చూశావా, పరీక్షించబట్టి తెలిసింది!"

పదకొండు దాటాక బయలుదేరాం. వీధి చివర దర్జీ కొట్టు ముందు బండి ఆపాడు.

"ఇప్పుడేమొచ్చింది మామయ్యా?"

"తొట్టిలో బండి బ్యాటరీతో పనిచేసే కరెంటు సాకెట్ ఉంది కదా, దాని మీద అనుమానంగా ఉందిరా."

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఆ వరస కొట్లకు రెండు రోజులుగా కరెంటు లేదు. మోటారు మిషను ఆగిపోయి, దర్జీ ఆవిడ గుమ్మంలో కూర్చుని బడి యూనిఫారాలు చేత్తో కుడుతోంది. పక్కన ఇంకా గుట్టెడున్నాయి. ఎవరి దగ్గరా చెంచాడు పంచదార కూడా ఊరికే పుచ్చుకోదని ఆవిడకు పేరు.

"అమ్మా, ఓ సాయం చేసిపెట్టాలి," అన్నాడు మామయ్య చేతులు నలుపుకుంటూ. "ఈ సాకెట్‌తో మోటారు నడుస్తుందో లేదో తెలియడం లేదు. మీ మిషను తగిలించి చూస్తారా?"

"నాకసలే తీరిక లేదండీ. రేపు పొద్దున ఇవి ఇవ్వకపోతే బడివాళ్లు పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"కుడుతూనే చూడండి. కాకపోతే రెండు మూడు గంటలు ఆపకుండా నడపాలి. లేకపోతే లోపం బయటపడదు."

"మూడు గంటలా!" అని అరిచాను. "నిన్ననే నీటి మోటారు పెట్టి చూశావు కదా! బ్రహ్మాండంగా..."

మామయ్య నా కాలు తొక్కాడు. మంచం పడిన కాలే.

వైరు లాగారు. మిషను గడగడా మొదలైంది. నేను ఇంటాయనకు ఫోన్ చేసి, తిట్లన్నీ విని, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లమని బతిమాలాను. తర్వాత చేసేదేం లేక తొట్టిలో నా ఫ్రిజ్జుకు ఆనుకుని కూర్చున్నాను. మామయ్య సాకెట్ వంక ఒక్కసారీ చూడలేదు. తరుగుతున్న గుట్టనే చూస్తున్నాడు.

గంట గడిచాక ఆవిడ మిషను ఆపింది. "బాగానే పనిచేస్తోందిగా అండీ. ఇంకా చూడాలా?"

మామయ్య తడబడ్డాడు. నా వైపు చూశాడు.

ఒళ్లు మండుతూనే కిందికి దిగాను.

"ఇది మరీ మొండి లోపమండీ, గంటకు తేలదు. మీరు కుడుతూనే ఉండండి. పక్క సాకెట్ మీద కూడా నాకు అనుమానంగా ఉంది. ఇస్త్రీ పెట్టె ఉంటే ఇలా ఇవ్వండి, కుట్టినవి రుద్ది చూస్తాను."