జాజు గీతల ఏనుగు

నా చిన్నప్పుడు, డెబ్బైలలో, మా అమ్మ నంద్యాలలో మిషన్ ఆసుపత్రి నర్సు. మా నాయన ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె బడికి బదిలీ అయిన పంతులు. నన్ను నాయనతో ఆళ్లగడ్డకు పంపారు. ఆయన తొలి బస్సుకు ఆ పల్లెకు వెళ్లి దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. బడి విడిచాక అప్పటిదాకా నాతో మాట్లాడే మనిషి లేదు. గోడ అవతలి శిల్పుల పాకలో ఉలి చప్పుళ్లను లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

నేను ఆరో తరగతి. మా తెలుగు అయ్యవారు ఒక పాత పద్యం ఇచ్చి, సోమవారానికి అప్పజెప్పని వాళ్లు వెళ్లి ఐదో తరగతిలో కూర్చోవాలన్నారు. అర్థం మాత్రం చెప్పలేదు. అర్థం చెప్పకుండా అప్పజెప్పమనడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. స్నేహితురాలు ఎలాగూ లేదు. ఉన్న బెంచీ కూడా పోతుందన్నదే నా భయం.

శుక్రవారం సాయంత్రం గోడ పక్కన కూర్చుని వల్లె వేస్తూ ఏడుస్తుంటే పక్కింటి అక్క తొంగి చూసింది. ఆమె పాక యజమాని కూతురు. తండ్రి చెక్కబోయే రాయి మీద, నలగ్గొట్టిన ఈతపుల్లను జాజు అనే ఎర్రమట్టి రంగులో ముంచి, విగ్రహం గీతలు గీసేది ఆమే. ఉలి మాత్రం ఆమె చేతికి ఇచ్చేవారు కాదు.

“ఏందిమే, పద్యాన్ని తిడతాండావా, ఏడుస్తాండావా?”

“నోటికి వస్తాండ్లేదక్కా.”

“దాంట్లో ఎవరెవరుండారు? ఎవరు యాడ నిలబడినారు? అది చెప్పు. నాకు చదువు రాదు, బొమ్మయితే ఏస్తా.”

ఎవరు ఎక్కడ నిలబడ్డారో నాకూ తెలియదు. పాఠం చివరి అర్థాలు వెతికి ఒక్కొక్క పాదమే విప్పి చెప్పవలసి వచ్చింది. ఆమె నన్ను పాకలోకి తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి ఉన్న రాయికి ఒక పక్కన నాలుగు గళ్లు గీసింది. మొదటి గడిలో రాజుగారి ఊరేగింపు. భేరి కొట్టేవాడు తన చెవుల్లో దూది పెట్టుకున్నాడు. రెండో గడిలో రాజు బరువుకు ఏనుగు నడుము వంగిపోయింది. “దిగి నడువప్పా సామీ, కాళ్లు పీకుతాండాయి” అని ఏనుగు మాట అక్కే పలికింది. మూడో గడిలో మేడల మీది స్త్రీలు చల్లిన పూలు ముక్కులో దూరి రాజు తుమ్ముతున్నాడు. నాలుగో గడిలో సామంతరాజులంతా ఒక్కసారే ఆయన కాళ్లకు మొక్కబోయి, కిరీటాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పైకి లేవలేకపోతున్నారు. ఆళ్లగడ్డ వచ్చాక నేను నవ్వింది అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం మళ్లీ చూద్దామని వెళ్లేసరికి అక్క తండ్రి సరిగ్గా ఆ బొమ్మలున్న పక్కనే చెక్కుతున్నాడు. రెండు గళ్లు పొడి అయిపోయాయి. మూడో గడిలో రాజు ముక్కు మాత్రం మిగిలింది. ఆయన చేతిలోని సుత్తిని పట్టుకుని ఆపి కేకలు వేశాను.

“తీసేసే పక్కమ్మా ఇది. ఈడుండేటివి నిలుస్తాయా?” అన్నాడు ఆయన, కోపం లేకుండానే. “ఏం పాపా, ఈ పిల్లకు చెప్పలేదా?”

అక్క నవ్వింది. “నేను గీసినేటివన్నీ ఉలి కిందికే పోతాయిమే. నీకు బుక్కుంది గదా, నువ్వే గీసుకో. గుర్తుండేంత గీయి.”

గీశాను. ఏనుగు నడుము వంచగానే రెండో పాదం వచ్చింది. కిరీటాలు ఇరుక్కోగానే నాలుగోది దానంతటదే వచ్చింది. సోమవారం ఎక్కడా తడబడలేదు. చివర నవ్వు ఆపుకోలేకపోయినందుకు అయ్యవారు అరచేతి మీద ఒక దెబ్బ వేశారు. నా బెంచీ నాకు మిగిలింది. ఆ వేసవిలోనే అమ్మ నన్ను నంద్యాలకు పిలిపించుకుంది. అక్కకు చెప్పి రావడం కూడా కుదరలేదు.

పదేళ్ల పైన గడిచాక ఆ నోటుబుక్కు పట్టుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. పాక ఉన్నచోట ఎరువుల దుకాణం ఉంది. ఆ వీధిలో మిగిలిన శిల్పులను అడిగితే తండ్రి పోయాడన్నారు. కూతురు పెళ్లయి వెళ్లింది, ఏ ఊరో తెలియదన్నారు. ఆయన చెక్కిన విగ్రహాలు ఏయే ఊళ్ల గుళ్లలో ఉన్నాయో మాత్రం అడక్కుండానే చెప్పారు. ఆ విగ్రహాలకు గీతలు గీసిన అక్క సంగతి అడిగితే ఒక ముసలి శిల్పి విసుక్కున్నాడు.

“ఏ అక్కమ్మా? ఈడ అక్కలకు కొదవా? పేరు చెప్పు, పేరు.”

నాకు ఒళ్లు మండింది. ఇంతమందిలో ఒక్కరికీ ఆమె పేరు గుర్తులేదా అని నిలదీయడానికి నోటుబుక్కు తెరిచాను. వారం రాసి ఉంది. రాతి పొడవు, వెడల్పు జానల్లో రాసి ఉన్నాయి. ఏ గడి ఏ పూట పోయిందో రాసి ఉంది. బొమ్మలు వేసినది ఎవరన్న చోట మాత్రం “పక్కింటి అక్క” అని ఉంది. తండ్రి పాపా అనేవాడు, నేను అక్కా అనేదాన్ని. ఆమె పేరు నేను ఒక్కసారి కూడా అడగలేదు. నోటుబుక్కు మూసి బస్సెక్కాను.

అప్పటి నుంచి నేను ఏ విషయం రాసుకున్నా ముందు మనిషి పేరు అడుగుతాను. సిగ్గుపడితే మళ్లీ అడుగుతాను. ఆ పద్యం ఇప్పటికీ కంఠతా వచ్చు. రెండో పాదం దగ్గరకు రాగానే ఏనుగు మాట్లాడుతుంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఏమని రాయాలో తెలియదు.