కుమ్హారిలో దిష్టి మిరపకాయలు

జబ్బుపడి లేచి మొదటిసారి ఇల్లు కదలబోయేవాళ్ళ కోసం తొంభైల నాటి ఈ చిన్న ప్రయాణం రాస్తున్నాను. ముప్పై దాటాక నాకు ఉబ్బసం ఉందన్నారు డాక్టరు. ఆ చలికాలం అది ముదిరి ఆసుపత్రిలో పడ్డాను. ఇంటికొచ్చాక మా ఆయన నన్ను గుమ్మం దాటనివ్వలేదు, బడిలో టీచరు ఉద్యోగం మానెయ్యమన్నారు. నాకు ఒళ్ళు మండింది. "కుమ్హారిలో పిన్ని దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళొస్తాను. ఆయాసం రాకపోతే బడికి వెళ్తాను. వస్తే మానేస్తాను" అన్నాను. ఆయన సరేనన్నారు గానీ, గొంతులో నమ్మకం లేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, మంచు ఇంకా విడవకముందే ఖుర్సీపార్‌లో రిక్షా ఎక్కాను. మా పేటలో బట్టలు ఆరెయ్యాలన్నా ముందు ఉక్కు ప్లాంటు చిమ్నీల పొగ ఎటు వంగిందో చూస్తాం. ఆ రోజు పొగ మాకు ఎదురుదిక్కుకి, నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా పోతోంది. "దీదీ, ఆరామ్‌గా ఎల్దామా? జల్దీ ఏటీ నేదు కదా" అన్నాడు రిక్షా అతను, నా ఊపిరి చప్పుడు విని. పవర్ హౌస్ స్టేషన్‌లో రాయపూర్ వైపు వెళ్ళే పాసింజరుకి టిక్కెట్టు కొన్నాను. అప్పట్లో అది పెద్ద ఖర్చేం కాదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే ఎలా అని రైలెక్కేశాను. డాక్టరిచ్చిన, నోట్లో పెట్టుకుని మందు పీల్చే పంపుని సంచి అడుగున, చీర మడతల్లో దాచాను. పంపు పట్టినవాళ్ళు ఇక మంచానికే అని మావాళ్ళ నమ్మకం. అందుకే తలుపు వేసుకుని తప్ప దాన్ని వాడేదాన్ని కాదు. కిటికీ బయట పొలాలు, మంచు, సైకిళ్ళ మీద మనుషులు కలలోలా జరిగిపోయారు. కుమ్హారి ఇంత తొందరగా వచ్చిందేమిటా అనిపించింది.

మా సత్యవతి పిన్ని స్టేషన్ దగ్గర రైల్వే క్వార్టర్లో ఉండేది. నన్ను చూడగానే ఆమె కళ్ళు నిండాయి. "ఏటే, ఇలాగ సిక్కిపోనావు? ఎవుల కళ్ళు పడ్డాయో! గుమ్మంలోనే ఆగు" అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి నా చుట్టూ తిప్పింది. ఆ ప్రేమకి కాదనలేక నిలబడ్డాను. కొన్ని తీసి కుంపట్లో వేసింది. ఘాటు గుప్పున లేచింది. నా గొంతు పట్టేసింది, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. చచ్చేంత భయం వేసింది. వాకిట్లోకి పరుగెత్తి, గట్టు మీద కూర్చుని, సంచి కుమ్మరించి, పిన్ని చూస్తుండగానే పంపు నోట్లో పెట్టుకున్నాను.

కాసేపటికి ఊపిరి కుదుటపడింది. పిన్ని నా పక్కనే గట్టు మీద కూలబడింది. "నానేటి సేసినానే తల్లీ!"

"నువ్వు దిష్టి తియ్యడం మంచిదే పిన్నీ, పొగే నాకు పడదు" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

మిగిలిన మిరపకాయలు ఆమె పిడికిట్లోనే ఉన్నాయి. "సగం తీసిన దిష్టి వొదిలీకూడదు. నీల్లలో ఏస్తే పోదేటి?" అంది. ఎండ కాస్త ముదిరాక ఇద్దరం రిక్షాలో ఖారూన్ నది ఒడ్డుకి వెళ్ళాం. అలవాటుకొద్దీ పొగ కోసం ఆకాశం వెతికాను. ఎక్కడా ఒక్క చిమ్నీ లేదు. నీళ్ళ మీద వెలుగు తప్ప ఏమీ కదలడం లేదు. పిన్ని విసిరిన మిరపకాయలు ఎర్రగా తేలుతూ దూరమయ్యాయి. అవి కనబడకుండా పోయేవరకూ చూస్తూ, తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం బండికి తిరిగొచ్చేసరికి మా ఆయన పవర్ హౌస్ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నారు. "ఆయాసం వచ్చిందేటి?" అన్నారు.

"వచ్చిందండి. తగ్గించుకున్నాను."

ఆయన నా సంచి అందుకున్నారు. రిక్షా ఎక్కాక, "బడి ఎప్పుట్నుంచి?" అని అడిగారు.

ఆయాసం మళ్ళీ ఎప్పుడూ రాని రోజు కోసం కాచుకుని ఉంటే నేను ఆ గుమ్మంలోనే ముసలిదాన్నయ్యేదాన్ని. ఆ మధ్యాహ్నం నది ఒడ్డున నాకు దొరికిన ధైర్యం చిన్నదే, కానీ అది నాది. మీరూ బయల్దేరుతుంటే ఒక్క మాట: డాక్టరిచ్చిన పంపు సంచి అడుగున దాచకండి, చేతికందేలా, నలుగురికీ కనబడేలా పెట్టుకోండి.