ఫ్రిజ్‌లో కమ్యూనిటీ

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతగారి కారు షెడ్డు మీది గదిలో అద్దెకుండేదాన్ని. గది మాట్లాడి ఇప్పించింది వారి మేనేజరు, నిర్మాతగారు నా పేరైనా అడిగింది లేదు. కాకినాడ అఖాతం అడుగున బురదలో బతికే సూక్ష్మజీవుల మీద నా పరిశోధన. కొండరాళ్ళ మధ్య కూర్చుని సముద్రపు బురద చూడడం వింతేమీ కాదు. మా వీధిలో అందరూ సినిమా సెట్లలో ప్లాస్టరు గుళ్ళు కట్టుకుని బతికేవాళ్ళే.

ఆ మే నెలలో మా ప్రయోగశాల ఫ్రిజ్ చెడిపోయింది. రెండేళ్ళు పడవల మీద వాంతులు చేసుకుంటూ పోగుచేసిన బురద, పన్నెండు సీసాలు, అందులోనే ఉంది. చల్లదనం తప్పితే లోపలి జీవులు మారిపోతాయి, నా థీసిస్ గంగలో కలుస్తుంది. సీసాలకి వాళ్ళ ఫ్రిజ్‌లో చోటు అడగడానికి సిగ్గు విడిచి నిర్మాతగారి గుమ్మం ఎక్కాను.

"దేని మీదమ్మా మీ పరిశోధన?"

"అఖాతంలో ఎక్కడ ఏ కమ్యూనిటీ ఎక్కువ, ఎందుకు ఎక్కువ అనేదాని మీదండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. పెళ్ళిసంబంధాల్లోనూ, హీరో ఎంపికలోనూ ఆ మాటకి అక్కడ ఒకటే అర్థం. "ముందే చెప్పొద్దూ! ఆ తీరమంతా మనవాళ్ళేగా," అన్నారు. ఆ "మన"లో నన్నూ కలిపేసుకున్నారు. నేను దిద్దలేదు, ఆ పాపం నాదే. ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ అయింది. పూతరేకులు కింది అరకి దిగాయి.

పదిహేను రోజుల తర్వాత భోజనానికి పిలిచి ఏం తేలిందని అడిగారు. గొప్పకుపోయి చెప్పాను. ఏటి మొగ దగ్గర ఉప్పు తక్కువ కాబట్టి అక్కడొక కమ్యూనిటీ. మురుగు చేరేచోట గాలాడదు కాబట్టి ఆ నల్లబురదలో, కుళ్ళిన గుడ్ల కంపులో, సుఖంగా ఉండేది ఇంకొకటి.

"అంటే, క్రిములా?"

"అవునండీ."

 ఆయన పకపకా నవ్వారు. "పోనీలెండమ్మా, మన తీరం క్రిములేగా! ఇంతకీ మీ ఇంటిపేరేంటి?"

చెప్పాను. నవ్వు ఆగింది. పెరుగు వేసుకోకుండానే లేచారు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చేసరికి సీసాలన్నీ ఎర్రటెండలో, పోర్టికో మెట్ల మీద ఉన్నాయి. మూతలు ఉబ్బాయి. "ఏంది మేడం, గిట్ల కంపు కొడుతున్నయ్?" అన్నాడు డ్రైవరు, ముక్కు మూసుకుని. "పొద్దుగాలనే బయట వెట్టమన్నడు సార్."

అక్కడే కూలబడి ఏడ్చాను. చుట్టూ పరిస్థితి మారితే ఒక సమూహం చచ్చి ఇంకొకటి లేస్తుందని నిరూపించడానికి నేను రెండేళ్ళుగా తంటాలు పడుతుంటే, ఆయన ఒక్క పూటలో రుజువు చేశారు. క్రిములతో ఆయనకు ఏ పేచీ లేదు. వాటితో మైలపడని ఫ్రిజ్ నా ఇంటిపేరుతో మైలపడింది.