గొడుగు అంటే తెలియని పిల్ల

దుబాయ్‌లో నేను పనిచేసిన క్లినిక్‌లో రెండు పూటల డ్యూటీ ఉండేది. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. మధ్యలో గదికి వెళ్ళి అన్నం తిని నడుం వాల్చేసరికి లేవాల్సిన వేళయ్యేది. మాది గోదావరి పక్కన చిన్న ఊరు. నర్సింగ్ చదివి ఎనభైల మొదట్లో అక్కడికి వెళ్ళాను. మూడో ఏడు వచ్చేసరికి కంటినిండా నిద్ర తప్ప నాకు వేరే కోరిక లేకుండా పోయింది.

ఆ క్లినిక్‌కి నెలకు రెండుసార్లు ఒక ఇంగ్లీషు ఆవిడ వచ్చేది. అందరం డాక్టరమ్మ అనేవాళ్ళం గానీ ఆవిడ మందులు రాసే డాక్టరు కాదు. చదువులో వెనకబడ్డ పిల్లల్ని పరీక్షించి, ఇబ్బంది ఎక్కడుందో రిపోర్టు రాసి ఇచ్చేది. రంగు చెక్కముక్కలు, బొమ్మల అట్టలు, ఒక స్టాప్‌వాచీ అన్నీ ఒక గోధుమరంగు సూట్‌కేసులో తెచ్చుకునేది. ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లలొస్తే ఎవరో ఒకరు పక్కన కూర్చుని ప్రశ్నల్ని వాళ్ళ భాషలో చెప్పాలి. తెలుగుకి నేనున్నానని ఆవిడ రాసిపెట్టుకుంది. నా అవసరం మాత్రం ఆ ఒక్క పిల్లకే వచ్చింది.

ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. కరీంనగర్ వైపు వాళ్ళు. తండ్రి జుమేరాలో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు, తల్లి అదే ఇంట్లో వంటమనిషి. ఆ పనుల్లో ఉన్నవాళ్ళు పిల్లల్ని తెచ్చుకోవడం అప్పట్లో చాలా అరుదు. వీళ్ళ కఫీల్, అంటే వీసాకి పూచీ పడ్డ ఆ ఇంటి యజమాని, మంచివాడు. పెరటి వైపు రెండు గదులిచ్చి పిల్లకి వీసా కూడా తీయించాడు. ఆయన భార్య ఆ పిల్లని ఇండియన్ స్కూల్లో చేర్పించింది. రెండో తరగతి రెండోసారి చదువుతోంది, ఇంకా ఒక్క వాక్యం కూడా చదవలేకపోతోంది. ఈసారీ తప్పితే మాన్పించమని స్కూలు వాళ్ళు కబురు పెట్టారు. దాంతో ఆ ఇంటావిడే మా క్లినిక్‌కి ఫోన్ చేసి పరీక్షకి రోజు ఖాయం చేసింది.

పరీక్ష రోజు సాయంత్రం తండ్రి నన్ను వరండాలో పక్కకి పిలిచాడు.

"సిస్టర్, నా బిడ్డకు మతి లేదంటున్నరు స్కూల్ల. ఇంట్ల మంచిగనే ఉంటది. అరబ్బు పిల్లలతోని అరబ్బీల కొట్లాడ్తది. స్కూల్ ముదీర్, గదే పెద్దసారు, ముందట నిలవడితే నోరు లేవది. జర మీరే చూడుండ్రి."

"నేను చూసేదేం లేదండీ. ఆవిడ అడిగింది తెలుగులో చెప్పడమే నా పని," అన్నాను.

ఆ మాట కాస్త విసుగ్గానే అన్నాననుకుంటాను. ఆ రోజు పొద్దున పసిపిల్లల టీకాలు. ఒంటిగంట దాటాక కూడా జనం తగ్గలేదు, మధ్యాహ్నం పడుకోలేదు. పరీక్ష గదిలో కూర్చోగానే బల్ల కింద చెప్పులు విడిచేసి కాళ్ళు చాపుకున్నాను.

డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పాలి, సాయం చెయ్యకూడదు, జవాబు బాగుందని మొహంలో కూడా తెలియనివ్వకూడదు. మొదట చెక్కముక్కలు ఇచ్చి, బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది. పిల్ల చకచకా పేర్చేసింది. తర్వాత మాటలు మొదలయ్యాయి.

"గొడుగు అంటే ఏమిటి?" అని అడిగాను.

పిల్ల నా వంక చూసింది.

"తలగడ అంటే?"

మళ్ళీ అదే చూపు. కమలాపండుకీ అరటిపండుకీ పోలికేమిటంటే, "అరటిపండు తింటరు," అని ఆగిపోయింది. చొక్కా అంటే తల దించుకుంది. వరసగా కొన్ని తప్పితే ఆ భాగం అక్కడితో ఆపెయ్యాలన్నది ఆ పరీక్ష నియమం. డాక్టరమ్మ సున్నాలు వేసి ఆపేసింది. తొందరగా అయిపోయిందని నాకు హాయిగా అనిపించింది. ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. పిల్ల మాటల్లో చాలా వెనకబడి ఉందని, మామూలు బడిలో నెగ్గుకురాలేదని, మందమతి పిల్లల బడి ఏదైనా చూసుకోవడం మంచిదని అందులో ఉంది. ఆ కాగితం తండ్రికి చదివి చెప్పాల్సింది నేనే. ఆ రోజు దుబాయ్‌లో వాన పడింది. ఏడాదికి నాలుగైదు రోజులు పడే వాన, వీధులన్నీ నీళ్ళు. తండ్రీ కూతుళ్ళు తడిసి లోపలికొచ్చారు.

"బాపూ, ఛత్రి కార్ల మర్శినవ్," అంది పిల్ల.

నేను రిపోర్టు మడిచి పట్టుకున్నాను. తర్వాత వంగి, "ఛత్రి అంటే ఏంటమ్మా?" అని అడిగాను.

"వానల తడ్వకుంట పట్టుకుంటరు. ఎండకు గూడ పట్టుకుంటరు. మా మామా ఇంట్ల మూడున్నయి," అంది. మామా అంటే ఆ ఇంటావిడ.

"మెత్త అంటే?"

"పండుకున్నప్పుడు తల కింద పెట్టుకునేది."

సంత్రా పండు అడిగాను, అంగీ అడిగాను. అన్నీ చెప్పింది. నా గదిలో ఉండే నర్సు వరంగల్ పిల్ల. తలగడని మెత్త అని, కమలాపండుని సంత్రా అని, చొక్కాని అంగీ అని ఆమె అనడం నేను రోజూ వింటున్నదే. ఆ మాటలు నాకు తెలుసు. పరీక్ష గదిలో అవి గుర్తు చేసుకునే ఓపిక చెయ్యలేదు, అంతే.

తండ్రిని కూర్చోమని, రిపోర్టు చేతికివ్వకుండానే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు కళ్ళు నులుముకుంది. ఆవిడా పొద్దుటి నుంచి ఆరుగురు పిల్లల్ని చూసింది.

"ఒకే భాష మాట్లాడేవాళ్ళ మాటల్లో అంత తేడా ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుంది మేడమ్. నేను చెప్పి ఉండాల్సింది."

"నేను అడిగి ఉండాల్సింది," అంది ఆవిడ. రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని మధ్యకి చింపేసింది.

అదే పరీక్ష వెంటనే మళ్ళీ పెట్టడానికి లేదట. ప్రశ్నలు గుర్తుండిపోతాయి కాబట్టి ఏడాది ఆగాలట. స్కూలు వాళ్ళు ఏడాది ఆగరు. అందుకని వచ్చేసారి మాటలతో పనిలేని ఇంకో పరీక్ష పెట్టి, అక్షరాలు కూడా చదివించి చూస్తానంది. చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పడానికి వరంగల్ అమ్మాయిని పిలవమంది. నేను బయటికొచ్చి తండ్రితో, తప్పు నా వల్లే జరిగిందని, ఇంకోసారి రావాలని చెప్పాను. అతను కోప్పడలేదు.

"పిల్లదే తప్పనుకున్న ఇన్నొద్దులు," అన్నాడు. "వస్తం సిస్టర్. మీరు బుగులు వడకుండ్రి."

రెండో పరీక్ష జరిగినంతసేపూ నేను అతనితో పాటు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు వెనక నుంచి పిల్ల గొంతు వినిపిస్తూనే ఉంది. ఇంటి భాష చెవిన పడితే అంత మాట్లాడుతుందని మేమెవరం అనుకోలేదు.

ఆలోచన విషయంలో వయసుకి తగ్గట్టే ఉందని, కొన్నిట్లో ఇంకా ముందే ఉందని తేలింది. అక్షరాల దగ్గర మాత్రం ఐదేళ్ళ పిల్లతో సమానం. బీకి డీ, డీకి బీ చదువుతుంది. నిన్న నేర్చుకున్న మాట ఇవాళ కొత్తగా కనబడుతుంది. దానికి డాక్టరమ్మ డిస్లెక్సియా అని పేరు చెప్పింది. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

తండ్రికి ఇలా చెప్పాను: "మతికి ఏ లోటూ లేదండీ. అక్షరం గుర్తుపట్టడమే కష్టం. ఇది జబ్బు కాదు, మందు లేదు."

"మందు లేకుంటె మరెట్ల?"

"నేర్పే పద్ధతి మార్చాలట. ఒక్కో అక్షరం, దాని శబ్దం, నెమ్మదిగా చెప్పాలట. ఇసకలో వేలితో రాయిస్తే మంచిదట."

"ఎవరు నేర్పుతరు సిస్టర్? నాకు రాదు, దాని తల్లికి రాదు."

శుక్రవారం సెలవు రోజున నేనొస్తానన్నాను. పశ్చాత్తాపంతో అన్న మాట అది. ఐదు శుక్రవారాలు బస్సెక్కి వెళ్ళాను కూడా. రొట్టెలు కాల్చే పళ్ళెంలో ఇసక పోసి, ఒక్కో పూట రెండక్షరాల చొప్పున రాయించాను. ఆ పిల్ల ఎప్పుడూ విసుక్కోలేదు. ఆరో శుక్రవారం నిద్ర లేచేసరికి మధ్యాహ్నమైంది. ఆ తర్వాత నెలకొకసారి వెళ్ళాను, తర్వాత అదీ మానేశాను. ఎందుకు రావడం లేదని వాళ్ళు అడగలేదు. అడిగితే చెప్పడానికి అలిసిపోయానన్న మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు.

రిపోర్టు చూసి స్కూలు వాళ్ళు పిల్లని ఉంచుకున్నారు. కొత్తగా వచ్చిన క్లాసు టీచరు ముందు బెంచీలో కూర్చోబెట్టుకుని, జవాబులు నోటితో చెప్పించుకుందట. ఆ ఏడు పాసైంది. మరుసటి ఏడు ఆ టీచరు వెళ్ళిపోయింది, ఆ పద్ధతీ ఆమెతోనే పోయింది.

రెండేళ్ళ తర్వాత తండ్రి పిల్లని వెంటబెట్టుకుని మళ్ళీ క్లినిక్‌కి వచ్చాడు. ఆ ఇంటి పెద్దపిల్లలు ఇప్పుడు కార్లు వాళ్ళే నడుపుకుంటున్నారు, ఇక డ్రైవరుతో పనిలేదు.

"వీసా ఖలాస్ సిస్టర్. ఊరికి పోతున్నం. అక్కడి సార్లకు ఇంగ్లీషు కాయితం ఏం సమజైతది? తెలుగుల రాసియ్యుండ్రి."

మధ్యాహ్నం గదికి వెళ్ళకుండా కూర్చుని రాశాను. రిపోర్టులో ఉన్న మాటలు చాలావాటికి నాకు తెలుగు తెలియలేదు. చివరికి వాటన్నిటినీ వదిలేసి, తెలిసింది తెలిసినట్టు రాశాను. ఈ అమ్మాయికి తెలివి ఉంది. అక్షరాలు తారుమారుగా కనబడతాయి. ప్రశ్న చదివి వినిపిస్తే జవాబు చెబుతుంది. రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వండి. కొట్టకండి. ఆ చివరి మాట డాక్టరమ్మ రిపోర్టులో లేదు.

అతను కాగితం రెండుసార్లు చదివించుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. "సదువుతదంటరా?" అని అడిగాడు.

"ఆలస్యంగా చదువుతుందండీ."

ఆ పిల్ల లిఫ్టు పక్కన గోడకున్న బోర్డు మీద డాక్టర్ల పేర్లు వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. నాలుగు పేర్లు పూర్తయ్యేలోపు లిఫ్టు రెండుసార్లు వచ్చి పోయింది. తండ్రి తొందరపెట్టకుండా పక్కన నిలబడ్డాడు.

తర్వాత ఏడాదికి వాళ్ళ ఊరి మనిషొకడు చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. అతని కాగితాల్లో ఊరి పేరు చూసి ఆ పిల్ల గురించి అడిగాను. ఆ పిల్ల బడికి పోతోందట. లెక్కల్లో అందరికన్నా ముందట, తెలుగు పరీక్ష తప్పిందట. హెడ్మాస్టరు నా కాగితం చదివి, ఆమె చెబుతుంటే ఇంకో పిల్లతో పరీక్ష రాయించాడని, పైనుంచి వచ్చిన అధికారి అది చెల్లదన్నాడని చెప్పాడు.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"మల్ల రాస్తదట," అన్నాడు.

కట్టు కట్టడం అయిపోయింది. తడపకూడదని అతనికి చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాను.